క్రొత్త స్విఫ్టు – గృహిణి త్రాసు

బంగారము కొనునపుడు గీటురాతిపై గీచి చూతుము. పట్టుచీర కొనునపుడు అంచు తిరుగవేసి పోగు చూతుము. మట్టికుండ కొనునపుడైనను వ్రేలితో కొట్టి, మ్రోత విని గాని డబ్బియ్యము. ఇంత పరీక్ష నెరిగిన మనము, ఇల్లు తరువాత మిక్కిలి పెద్ద కొనుగోలైన మోటారుకారు విషయమున మాత్రము వెనుక నిలుచుచున్నాము. బేరమంతయు ముగిసిన పిమ్మట అప్పుకాగితముపై చేవ్రాలు చేయుటకును, మెడలోని గొలుసు కుదువకు విప్పి యిచ్చుటకును మాత్రమే పిలువబడుచున్నాము. ఇంజను మాటలు మనకు తెలియవను సందేహమే దీనికి కారణము. ఆ మాటలు గడ్డువి కావనియు, కూరగాయల లెక్క తెలిసిన యిల్లాలికి కారు లెక్కయు తెలియుననియు చూపుటకే యీ వ్యాసము.

మా నిజామాబాదు, బోధను ప్రాంతములలో కారు కోరిక పంటతో కూడ పండును. పసుపు మార్కెట్టు యార్డునకు చేరు దినములలోను, వరి సొమ్ము చేతబడు దినములలోను యువకుల నోట కారు మాటయే వినబడును. వారు కలగనునది స్పోర్ట్స్ కారు, చేతికందునది స్విఫ్టు. కురుచయైన వెనుకభాగమును, చురుకైన నడకయు చూచి దానినే స్పోర్ట్స్ కారని ముద్దుగా పిలుచుకొందురు. నిజమునకు స్విఫ్టు స్పోర్టు అను పేర 1.4 లీటర్ల టర్బో ఇంజనుతో వేరొక కారు జపానులోను, ఐరోపాలోను అమ్మబడినది గాని, అది మన దేశపు అంగళ్ళకు రాలేదు. మనకు వచ్చినది కుటుంబపు కారు. ఈ భేదమును మొదటనే మనసున నుంచుకొన్నవారు వన్నె చూచి భ్రమపడరు.

స్విఫ్టు మన దేశమునకు 2005 సంవత్సరము మే నెలలో వచ్చినది. అప్పటి పెట్రోలు ఇంజను 1298 ఘనసెంటీమీటర్లది. 2006 నాటి కేంద్ర బడ్జెట్టులో, నాలుగు మీటర్లకు మించని పొడవును, 1200 ఘనసెంటీమీటర్లకు మించని పెట్రోలు ఇంజనును గల చిన్న కార్లకు పన్ను తగ్గించిరి. 2010లో స్విఫ్టునకు 1197 ఘనసెంటీమీటర్ల ఇంజను పెట్టబడినది. నాటినుండి నేటివరకు ఆ సంఖ్య మారలేదు. ఇంజను కొలత ఇంజనీరు ఇష్టముచేతనే గాక పన్నుల పట్టికచేతను నిర్ణయమగునని దీనివలన తెలియుచున్నది. పిమ్మట 2011లోను, 2018లోను కారు రూపము మారినది. మన పల్లెలలో మిక్కిలి మన్నన పొందిన డీసెలు స్విఫ్టు 2020లో నిలిచిపోయినది. 2024 మే 9వ తేదీన నాలుగవ తరము స్విఫ్టు విడుదలయైనది. దీనియందు రూపముతో పాటు ఇంజనును మారినది. మగవారి వాదములన్నియు ఈ మార్పు చుట్టునే తిరుగుచుండును గనుక, మొదట దానినే విచారింతము.

పాత ఇంజనునకు నాలుగు సిలిండర్లు, క్రొత్తదానికి మూడు. సిలిండరనగా పెట్రోలును గాలియు కలిసి మండి, లోని పిస్టనును త్రోయు గొట్టము. నలుగురు కలిసి రోకటిపోటు వేయునపుడు పోటు వెంట పోటు ఎడములేక పడును. ముగ్గురే వేసినచో నడుమ కొంచెము ఎడము వచ్చును. మూడు సిలిండర్ల ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు సన్నని అదురు తెలియుటకు కారణమిదియే. అయితే పిస్టన్లు తక్కువైన రాపిడియు తక్కువ. రాపిడి తగ్గిన ఇంధనము మిగులును. పాత ఇంజను బలము సుమారు 90 అశ్వశక్తి. క్రొత్తదాని బలము సుమారు 82. చక్రములను త్రిప్పు బలమును టార్కు అందురు. అది పాతదానికి 113, క్రొత్తదానికి 111.7 న్యూటన్ మీటర్లు. అనగా టార్కు విషయమున భేదము లేదన్నను సరిపోవును. అశ్వశక్తిలోని ఎనిమిది అంకెల తగ్గుదల, ఇంజనును మిక్కిలి వేగముగా త్రిప్పి పరుగెత్తించువారికి తెలియును గాని, బోధనునుండి నిజామాబాదునకు చదునైన బాటపై ఇరువదియైదు కిలోమీటర్లు పోవు కుటుంబమునకు అంతగా తెలియదు. ఐదుగురు కూర్చుండి, మే నెల యెండలో ఏసీ వేసికొని, ఇందల్వాయి కనుమ ఎక్కునపుడు గేరు ఒక మెట్టు దింపవలసి రావచ్చును. చెరుకు బండ్లనో, ధాన్యపు ట్రాక్టర్లనో దాటి పోవునపుడు మునుపటికంటె కొంచెము ఎక్కువ ఓర్పు వలయును. ఆ ఓర్పు ఏ ఇంజను గల బండిలోనైనను వలసినదియే.

పోగొట్టుకొన్నది చూచితిమి, ఇక పొందినది చూతము. కంపెనీ ప్రకటించిన లెక్క ప్రకారము, గేరులు చేతితో మార్చు పాత స్విఫ్టు లీటరునకు 22.38 కిలోమీటర్లు నడచును, క్రొత్తది 24.80 నడచును. ఈ యంకెలు పరీక్షశాలలోనివి గాన రోడ్డుపై రెండును తగ్గును. అయినను పోల్చుటకు పనికివచ్చును. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరుగు ఇంటికి పాతదానిలో 357 లీటర్లు, క్రొత్తదానిలో 323 లీటర్లు కావలయును. మిగులునది 34 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున వేసినను ఏడాదికి 3,740 రూపాయలు. నెలకు మున్నూటిపై చిల్లర. కాబట్టి "మైలేజి కొరకే క్రొత్తది కొనుచున్నాము" అనువారి మాట ఈ త్రాసున నిలువదు. నెలకు మూడువేల కిలోమీటర్లు తిరుగు వ్యాపారికి నిలుచునేమో గాని, ఆదివారము గుడికిని, పండుగకు పుట్టింటికిని పోవు కుటుంబమునకు నిలువదు.

ఇంధనపు మాట వచ్చినది గనుక మన బోధను వారికి ప్రత్యేకముగా సంబంధించిన యొక విషయము చెప్పవలెను. నిజాంసాగరు నీటితో చెరుకు పండి, 1937లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారమువలన శక్కర్‌నగరమని పేరే వచ్చిన నేల యిది. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. దాని పొగగొట్టము చల్లారినను, చెరుకు మాత్రము వేరొక రూపమున మన బండ్లలోనికి వచ్చుచున్నది. చెరుకురసమునుండియు, చక్కెర తీయగా మిగిలిన మడ్డినుండియు, మొక్కజొన్న మొదలగు ధాన్యములనుండియు తీయు ఇథనాలును పెట్రోలులో కలుపుచున్నారు. మడ్డినుండి తీసిన సారమును మోటారు ఇంధనముగా వాడవలెనను తలంపు నేటిది కాదు. 1948లోనే దానికొక కేంద్ర చట్టము చేసిరి. నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు గల ఇంధనము 2023లో బంకులకు రాసాగినది. 2025 నాటికి దేశమంతటను అదియే వాడుకయైనది.

ఇథనాలునకు మేలును కలదు, కొరతయు కలదు. ఇంజనులో అకాలముగా మండి టకటకలాడుటను అది అణచును. కాని లీటరునకు పెట్రోలు ఇచ్చు వేడిలో మూడింట రెండు పాళ్ళే యిచ్చును. కేంద్ర పెట్రోలియము శాఖ 2025 ఆగస్టులో చెప్పినదాని ప్రకారము, ఈ మిశ్రమమునకు తగినట్లు సరిచేయబడిన కార్లలో మైలేజి నూటికి ఒకటి రెండు పాళ్ళు తగ్గును; తక్కినవానిలో మూడునుండి ఆరు పాళ్ళవరకు తగ్గును. క్రొత్త స్విఫ్టు ఇంజను ఈ మిశ్రమమునకు తగినట్లు చేయబడినది. 2023 ఏప్రిలునకు ముందు తయారైన పాత బండిని కొనదలచినవారు మాత్రము, దాని రబ్బరు గొట్టములును, బిగింపులును ఈ ఇంధనమునకు ఓర్చునా యని నమ్మకమైన మెకానిక్కుచేత చూపించుకొనుట మేలు.

ఇంతవరకు ఇంజను సంగతి. మగవారి చర్చ సాధారణముగా ఇచట ముగియును. మన చర్చ ఇచట మొదలుకావలెను. పాత స్విఫ్టునందు ఎంత వెల పెట్టి ఎంత పై తరగతి బండి కొన్నను ఎయిర్‌బ్యాగులు రెండే. అవియు ముందు కూర్చున్న ఇద్దరికే. 2022 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ దానిని గోడకు ఢీకొట్టించి పరీక్షింపగా, అయిదింట ఒక్క నక్షత్రమే వచ్చినది. క్రొత్త స్విఫ్టునందు మిక్కిలి చౌకయైన తరగతి మొదలుకొని అన్నిటికిని ఆరు ఎయిర్‌బ్యాగులు కలవు. రెండు ముందు, రెండు ముందు కూర్చున్నవారి ప్రక్కల, రెండు తెరవలె పైనుండి దిగి వెనుకవారి తలలను గూడ కాచునవి. అయిదు సీట్లకును భుజముమీదుగా వచ్చు పట్టీలు కలవు. బండి జారునపుడు చక్రములను వేర్వేరుగా పట్టి నిలుపు ఈఎస్‌పీ యను యేర్పాటును అన్నిటికిని కలదు. పట్టీ పెట్టుకొననివారిని ఎయిర్‌బ్యాగు కాపాడజాలదు గనుక, వెనుక కూర్చుండు పిల్లలకును పెద్దలకును పట్టీ అలవాటు చేయవలెను. దీని తోబుట్టువైన డిజైరునకు 2024 నవంబరులో అయిదు నక్షత్రములు వచ్చినవి. వానిని స్విఫ్టునకు కట్టి చెప్పు అమ్మకందారుని మాట వినరాదు. అక్కకు వచ్చిన మార్కులు చెల్లెలి ఖాతాలో పడవు గదా.

ఈ సంగతి తెలిసినయెడల తరగతుల యెంపిక సులభమగును. పెట్రోలు స్విఫ్టునకు ఎల్‌ఎక్స్ఐ, విఎక్స్ఐ, విఎక్స్ఐ ఆప్షనల్, జెడ్‌ఎక్స్ఐ, జెడ్‌ఎక్స్ఐ ప్లస్ అను అయిదు మెట్లు కలవు. విడుదలనాడు షోరూము వెల మొదటి మెట్టున 6,49,000, రెండవ మెట్టున 7,29,500, నాలుగవదానికి 8,29,500, చివరిదానికి 8,99,500 రూపాయలు. క్లచ్చి త్రొక్కక తనంతట తాను గేరు మార్చుకొను ఏర్పాటు కావలెనన్నచో అప్పుడు మరి యాబదివేలు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్ల జీఎస్టీ, సెస్సుతో కూడ 29 శాతముగా నున్నది 18 శాతమునకు దిగినది. దానితో స్విఫ్టు మొదటి మెట్టు వెల 5,78,900 రూపాయలకు వచ్చినది. 1200 ఘనసెంటీమీటర్ల గీతకు మూడు ఘనసెంటీమీటర్లు లోపల నిలిచినందుకు దొరికిన లాభమిది.

మెట్టు మెట్టునకు పెరుగునదేమి? మొదటి మెట్టున పాటలపెట్టె లేదు. అద్దములు దింపు మీటలు ముందు తలుపులకే. రెండవ మెట్టున ఏడంగుళముల తెరయు, నాలుగు తలుపులకు మీటలును వచ్చును. నాలుగవదానియందు మిశ్రలోహపు చక్రములు, ఎల్‌ఈడీ దీపములు, వెనుక అద్దమును తుడుచు వైపరు, తనంతట చల్లదనమును సరిచేసికొను ఏసీ వచ్చును. చివరిదానికి తొమ్మిదంగుళముల తెరయు, పెడలు త్రొక్కకయే ఒకే వేగమున పోవు క్రూయిజ్ కంట్రోలును చేరును. వీనిలో దీపములును, వైపరును రాత్రి ప్రయాణములకును, వానలకును పనికివచ్చును. తక్కినవి సౌఖ్యములు. సౌఖ్యము తప్పు కాదు. కాని సౌఖ్యమును కొనుచు "భద్రత కొరకు" అని చెప్పుకొనుట తప్పు. ఆరు ఎయిర్‌బ్యాగులు క్రింది మెట్టునందే యున్నవి గనుక, చిన్న తరగతి కొన్న యిల్లాలు తన బిడ్డలకు తక్కువ చేసితినని వగవ నక్కరలేదు. క్రొత్త స్విఫ్టు మనకు చేసిన ముఖ్యోపకారమిదియే యని నా యభిప్రాయము.

2024 సెప్టెంబరులో సీఎన్‌జీతో నడచు స్విఫ్టును వచ్చినది. కిలోకు 32.85 కిలోమీటర్లని ప్రకటన. ఆ యింధనముపై బలము 70 అశ్వశక్తికి దిగును. సామానుల చోటును గ్యాసుబండ చాలవరకు ఆక్రమించును. పుట్టింటినుండి బియ్యపు మూటతో తిరిగివచ్చు అలవాటు గలవారు దీని నాలోచింపవలెను. బంకు మీ యూరికెంత దూరమో, అచట ఎంత వరుస నిలుచునో స్వయముగా చూచి రావలెను.

షోరూము వెల అసలు వెల కాదు. తెలంగాణమున అయిదునుండి పది లక్షల లోపు వెలగల కారునకు జీవితకాలపు పన్ను నూటికి 14. ఆరున్నర లక్షల బండికి ఇదియే 91,000 రూపాయలు. మీద బీమా. 2018 నుండి క్రొత్త కారునకు మూడేండ్ల మూడవపక్షపు బీమా తప్పనిసరి. ఆ బీమాను కారమ్మినవారియొద్దనే కొనవలెనను నిర్బంధము లేదు; బయట వెలలు విచారించి తెచ్చుకొనవచ్చును. సీటుతొడుగులు, నేలపట్టలు, రంగుపూతలు అని చేర్చు "సామగ్రి" చీటీని పంక్తి పంక్తిగా చదివి, అక్కరలేనిది కొట్టివేయుమని చెప్పుటకు సిగ్గుపడరాదు. వారంటీ 2024 జులై నుండి మూడేండ్లు లేక లక్ష కిలోమీటర్లు. దానిని పొడిగించుటకు మొదటిదినముననే సొమ్ము కట్టవలసిన తొందర లేదు.

అప్పు లెక్క మరింత జాగ్రత్తగా చూడవలెను. అయిదు లక్షలు నూటికి తొమ్మిది వడ్డీతో అయిదేండ్లకు తీసికొనిన నెల కిస్తు సుమారు 10,380. మొత్తము వడ్డీ 1,22,700. అదే యేడేండ్లకైన నెల కిస్తు 8,045. మొత్తము వడ్డీ 1,75,700. నెలకు రెండువేల మూడువందలు తేలికయైనదని సంతోషించునది, చివరకు 53,000 అదనముగా ఇచ్చుకొనును. "నెలకెంత?" అని మాత్రమే అడుగు కొనుగోలుదారునకు పై మెట్టు బండి నమ్ముట మిక్కిలి సులభము. "మొత్తమెంత?" అని అడుగుడు.

ఈ లెక్కలన్నియు మా యింట నిజముగా వేయబడినవి. మా వారు బడిపంతులు. అత్తమ్మను మోకాళ్ళ వైద్యమునకు మాసమునకు రెండుమారులు నిజామాబాదు తీసికొనిపోవలెను. బస్సు మెట్లెక్కుట ఆమెకు కష్టమైపోయినది. మా మరిదికి పాత నాలుగు సిలిండర్ల స్విఫ్టుపై మనసు. "వదినె, ఆ యింజను నడక వేరు. సగము ధరకు వచ్చును. క్రొత్తదానిలో బలమేది?" అనెను. మా వారు జెడ్‌ఎక్స్ఐ కాగితము చేతబట్టుకొని, "ఒక్కసారి కొనునది, మంచిదే కొందము. నీ గాజులు రెండేండ్లు కుదువనుంచిన చాలును" అనిరి. ఆ గాజులు మా అమ్మాయి చదువు కొరకు దాచినవి.

నేను మరిదితో, "ఆ పాతబండిలో అత్తమ్మ కూర్చుండు వెనుక సీటు ప్రక్కన ఎయిర్‌బ్యాగు కలదా, తమ్ముడా?" అంటిని. అతడు ఫోనులో చూచి, లేదని తల యూపెను. మా వారితో, "జెడ్‌ఎక్స్ఐలో అత్తమ్మకు అదనముగా దొరకు రక్షణ యేమండీ?" అంటిని. ఆయన కాగితమంతయు రెండుమారులు చదివి, "రక్షణ అన్నిటికిని సమానమే, చక్రములు మాత్రము మెరయును" అని నవ్విరి. అత్తమ్మ మాత్రము, "నాకు ఎక్కుటకు దిగుటకు సీటు ఎత్తు చాలునా యని ఎవ్వరును అడుగరేమి?" అనిరి. ఆ మాట మాకెవ్వరికిని తోచలేదు. మరునాడు ఆమెను వెంటబెట్టుకొని పోయి, నాలుగుమారులు ఎక్కించి దింపి చూచితిమి. వెనుక సీటు ఆమెకు ఒదుగలేదు గాని, ముందు సీటు వెనుకకు జరుపగా సుఖముగా కూర్చుండిరి. కాబట్టి ఆమె స్థానము ముందేనని తేలినది. రెండవ మెట్టు చాలుననియు, చీటీ సొమ్ము చేతికి వచ్చువరకు ఆగవలెననియు, గాజులు పెట్టెలోనే యుండవలెననియు నిశ్చయమైనది. అంతవరకు వైద్యమునకు బాడుగ ఆటో చాలును. మరిది ఇంకను నాలుగు సిలిండర్ల పాటయే పాడుచున్నాడు, పాడుకొననిండు.

సోదరీమణులారా, మీ యింట కారుమాట వచ్చిన దినమున ఈ ప్రశ్నలడుగుడు. ఏడాదికి మనము తిరుగునది ఎన్ని కిలోమీటర్లు? వెనుక కూర్చుండువా రెవరు, వారికి కాపుదల యేమి? ఈ మెట్టునుండి పై మెట్టునకు ఇచ్చు సొమ్ము దేనికి? పన్ను, బీమా, వడ్డీ కలిపి మొత్తమెంత? ఆ మొత్తము ఎవరి పెట్టెలోనుండి వచ్చుచున్నది? ఈ యైదింటికిని సమాధానము కాగితముపై వ్రాయించుకొనుడు. బండి నెక్కి చూచునపుడు నడుపువారు మాత్రమే గాక, ఇంటిలోని ముదుసలియు, చిన్నబిడ్డయు ఎక్కి చూడవలెను. అప్పటికిని ఎర్రబండియే కావలెనని పిల్లలు మారాము చేసినయెడల, రంగు విషయమున వారి మాట వినుడు. రంగునకు వడ్డీ లేదు.